గూట్లో ఫోను

మా అమ్మ సుంకవ్వ ఏడవడం మొదలుపెడితే, ఏడుపు రానివాళ్ళు కూడా వచ్చి పక్కన కూర్చునేవారు. ఊళ్ళో ఎవరి ఇంట్లో చావు జరిగినా ముందు డప్పులవాళ్ళకు, ఆ వెంటనే మా అమ్మకు కబురు వచ్చేది. ఆమె వెళ్ళి పోయినవాళ్ళ తల దగ్గర కూర్చుని, నుదుటి మీద చెయ్యి వేసి, వాళ్ళతోనే మాట్లాడుతున్నట్టు రాగం తీసేది. ఆ రాగంలో అన్నీ వచ్చేవి. పెట్టిన అన్నం, పెట్టని అన్నం, అత్త కొట్టిన దెబ్బ, తమ్ముడు తప్పిన మాట. బయట అన్నామంటే తలలు పగిలే సంగతులు అక్కడ చెప్పుకోవచ్చు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. శవం దగ్గర ఆడవాళ్ళు ఏడ్చి చెప్పిన మాటను, ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోసుకున్నాక ఎవరూ ఎత్తకూడదు. అడగకూడదు, గుర్తు చేయకూడదు, దాని మీద అలగకూడదు. మగవాళ్ళు ఆ సమయంలో లోపల ఉండరు, బయట పాడె కడుతుంటారు. డప్పు అంత గట్టిగా కొట్టేది కూడా లోపలి మాట బయటికి రాకుండా ఉండటానికేనని అమ్మ అనేది.

నేను డిగ్రీ చదివాను. మా ఇంట్లో నాకు ముందు బడి దాటినవాళ్ళు లేరు. రాయచూరు దగ్గరి థర్మల్ కరెంటు కేంద్రం కాలనీ దారిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పని చేసేదాన్ని. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు దరఖాస్తులు నింపడం, ఆధార్‌కు ఫోన్ నంబరు కలపడం నా పని. "ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు" అని కన్నడలోనూ తెలుగులోనూ రాసి గోడకు అంటించింది నేనే. మన సంగతులు మన దగ్గరే ఉంచుకోవాలని వచ్చినవాళ్ళకల్లా చెప్పేదాన్ని.

ఆ ఎండాకాలంలోనే ఈరప్ప పెద్దనాన్న పోయాడు.

పెద్దనాన్న మా నాన్న కిష్టప్పకు సొంత అన్న. మా రెండిళ్ళకు నడుమ ఒకటే గోడ. ఆయన చాలాకాలంగా మంచంలోనే ఉన్నాడు. తెల్లారుతుండగా ప్రాణం పోయింది. అప్పటికే గాలి వేడిగా ఉంది. మధ్యాహ్నం దాకా ఉంచలేమని, ఎండ ముదరకముందే ఎత్తాలని పెద్దలు అన్నారు. మా అన్న యల్లేశ్ పుణెలో లిఫ్టులు బిగించే పని చేస్తాడు. ఏ బండి ఎక్కినా రాయచూరులో దిగేసరికి రాత్రి అవుతుంది. వాడు పెద్దనాన్న కొడుకు అంబరీష్‌కు ఫోన్ చేశాడు. అంబరీషన్న థర్మల్ బొగ్గు యార్డులో కాంట్రాక్టు పనివాడు. నైట్ షిఫ్టు నుంచి వచ్చి, మసి ముఖంతోనే తండ్రి కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు.

"అన్నా, జర ఆపుర్రి. నేనొస్తున్న."

"ఎట్ల ఆపమంటవ్ తమ్మీ? ఐసు డబ్బా రాయచూరు నుంచి రావాలె. ఈ ఎండకు..." అంబరీషన్న తండ్రి ముఖం మీద ఈగలు తోలాడు.

"మరి మొకమన్న చూపియ్యి. చిన్నప్పుడు నన్ను భుజం మీద మోసినోడు."

అంబరీషన్న మా కుటుంబం గ్రూపులోనే వీడియో కాల్ కలిపాడు. అన్నతోపాటు బెంగళూరులో ఉన్న మేనత్త కూతురు స్ఫూర్తి, ఇంకో ఇద్దరు దూరపువాళ్ళు అందులో చేరారు. పెద్దనాన్న తల వైపు గోడకు దీపం పెట్టే గూడు ఉంది. దీపాన్ని పక్కకు జరిపి ఫోనును అందులో ఆనించాడు.

"కనిపిస్తుందా యల్లేశ్?"

"కనిపిస్తుందన్నా. నువ్వు పోయి పని చూసుకో."

అంబరీషన్న వెదురు తేవడానికి బయటికి పోయాడు. ఆ తర్వాత ఆ ఫోను సంగతి ఎవరికీ గుర్తు లేదు.

అమ్మ అప్పటికింకా లోపలికి రాలేదు. పెరట్లో ఆయనకు స్నానం నీళ్ళు కాచి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తల దగ్గర కూర్చుంది. తిమ్మమ్మ పెద్దమ్మ పడిపోకుండా పట్టుకోమని నన్ను ఆమె వెనక కూర్చోబెట్టారు. బయట డప్పు మొదలైంది. లోపల అమ్మ మొదలుపెట్టింది.

"నిండిన ఇల్లు నీదాయె బావా, ఎండిన ఒడి నాదాయె
ముగ్గురిని మన్నుల పెట్టి మూల కూసుంటి
నీ రెండో కొడుకును నీళ్ళు పోసి తెచ్చి
నా కొంగుల పెడితివి, పేరు నన్నే పెట్టుకొమ్మంటివి
యల్లేశు యల్లేశని ఊరంత పిలిచె
నా కొడుకు నా కొడుకని నేను మురిస్తి
మంచంల పడి నన్ను అడిగితివి బావా
ఒక్కపారి నాయినా అని పిలిపియ్యమంటివి
పిలిపియ్యకపోతి, నాకు నోరు రాకపాయె
నా కడుపుతీపి నిన్ను ఉత్తచేతుల పంపె..."

నా చేతుల్లో పెద్దమ్మ భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. చుట్టూ ఉన్న ముసలివాళ్ళెవరూ తల ఎత్తలేదు. ఒకామె ముక్కు చీదింది. వాళ్ళందరికీ ఎప్పటినుంచో తెలుసు. తెలియనిది అన్నకు, అన్న తర్వాత పుట్టిన నాకు. నా తర్వాత పుట్టినవాళ్ళకు.

ఏడుపు ఆపుకోలేక తల పైకెత్తినప్పుడు గూట్లో వెలుతురు కనిపించింది. ఫోను మీద నాలుగు గళ్ళు. ఒక గడిలో మా అన్న. ఏడవడం లేదు. ఫోనును చెవి దగ్గరికి తెచ్చుకున్నాడేమో, సగం ముఖమే కనిపిస్తోంది. వింటున్నాడు. అమ్మ పెద్దనాన్న నుదురు నిమురుతూ పాడుతూనే ఉంది. ఇంకాసేపటికి ఆ గడి పోయింది. మిగతా మూడు ముఖాలు కొంచెం పెద్దవయ్యాయి.

*

ఆ సాయంత్రం అమ్మ స్నానం చేసి, తడి జుట్టుతో గడప మీద కూర్చుని అడిగింది.

"పిల్లగాడు ఫోన్ చేసిండా? బండి ఎక్కిండంటనా?"

"ఎత్తుతలేడు అవ్వా." అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం.

"ఏడ్సి పండుకున్నడేమో."

చెప్పక తప్పలేదు. "అవ్వా, నువ్వు ఏడ్సినప్పుడు గూట్ల ఫోనుండె. అంబరీషన్న పెట్టిండు. అన్న చూస్తుండె."

అమ్మ నావైపు తిరిగింది. "డప్పు కొడుతుండ్రి గదా," అంది.

"డప్పు బయటుండె. ఫోను నీ నెత్తి మీదుండె."

అమ్మ జుట్టు ముడి వేసుకోవడానికి చేతులు ఎత్తింది, వేసుకోకుండానే దించింది. లోపల నాన్న మంచం కిర్రుమంది. ఆయన అంతా విన్నాడు. బయటికి రాలేదు.

అన్న ఆ రాత్రి బండి ఎక్కలేదు. "ఎత్తేసిన్రు గదా, దినాలకు వస్త" అని నాన్న ఫోనుకు ఒక మెసేజ్ పెట్టాడు. అమ్మ సంగతి అందులో లేదు.

ఇది అక్కడితో ఆగి ఉంటే మా ఇంటి బాధ మా ఇంట్లోనే ఉండేది. రెండు రోజుల తర్వాత సెంటర్ మూసి, ఇంటికి రావడానికి టంటం ఎక్కాను. టంటం అంటే మా వైపు పదిమందిని కుక్కి తిప్పే షేర్ ఆటో. నడిపే సూగురేశ్ ఎప్పుడూ పాటలు పెడతాడు. ఆరోజు పాట బదులు మా అమ్మ గొంతు వచ్చింది.

"అబ్బ, ఏం ఏడుస్తుందమ్మా ఈమె," అంది నా పక్కనున్న రామాబాయి. కూరగాయలమ్మే ముసలామె. "కడుపుల చెయ్యి పెట్టి తిప్పినట్టుంది."

ముందు సీటులో ఉన్న కల్మల ఊరివాడొకడు అన్నాడు, "నాకు నిన్ననే వచ్చింది. పాపం ఆ పిలగాడు. సొంత నాయిన చచ్చెదాంక తెల్వదంట."

"సూగురేశ్, ఆపు," అన్నాను.

"ఏందక్కా, దిగుతవా? మీ ఊరు ఇంకా రాలే."

"అది ఆపు. మా అమ్మ గొంతు అది."

టంటంలో అందరూ ఒక్కసారి నన్ను చూశారు. సూగురేశ్ బండి పక్కకు తీసి, గాబరాగా ఫోను నొక్కాడు. ఆగలేదు. ఇంకో రెండు చరణాలు వచ్చాక ఆగింది.

"దేవుని తోడక్కా, నాకు తెల్వదు. గ్రూపుల వచ్చింది. మస్తుగుందని పెట్టిన."

కల్మలవాడు సర్ది చెప్పబోయాడు. "దీంట్ల తప్పేముందమ్మా? ఆధార్ కార్డు అడిగినోనికల్లా ఇస్తనే ఉన్నం. ఏలిముద్ర పెట్టమంటే పెడుతున్నం. ఒక్క ఏడుపుకేనా సిగ్గు?"

"నోరు మూసుకోవయ్యా," అంది రామాబాయి. "సర్కారోడు అడిగితే కార్డు ఇస్త. బియ్యమిస్తడు గనక ఏలు పెడుత. నా ఏడుపు అడిగితే ఇస్తనా? అది చచ్చినోనికి చెప్పుకున్నది."

"అందరు వింటే పుణ్యమే గదా..."

"నీ పెండ్లాం మొన్న మీ అవ్వ చచ్చినప్పుడు ఏం ఏడ్సిందో తెలుసా నీకు? చెప్పమంటవా? నేను ఆడనే ఉన్న."

వాడు ముందుకు తిరిగి కూర్చున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వి, నన్ను చూసి ఆపుకున్నారు. రామాబాయి నా చేతి మీద చెయ్యి వేసి, నేను దిగేదాకా తియ్యలేదు.

ఇంటికి రాకుండానే దారిలో నిలబడి స్ఫూర్తికి ఫోన్ చేశాను. పంపింది ఆమే అయి ఉంటుందని నాకు తోచింది.

"నేను మంచికే పెట్టిన వదినా," అని ఏడ్చింది స్ఫూర్తి. "అత్త గొంతు ఎంత బాగుంటది. మనకు యాదికి ఉంటదని స్క్రీన్ రికార్డు పెట్టిన. అర్థం నేను సరిగ వినలే, నాకు ఇక్కడ ఆఫీసు గోల. మన గ్రూపుల ఒక్కదాంట్లనే వేసిన. బావ సంగతి తెల్వంగనే తీసేసిన. గ్రూపుల ఉన్న లింగసుగూరు చిన్నమ్మ అప్పటికే బయటికి పంపేసింది."

తిట్టాలని చేసిన ఫోను అది. తిట్టలేకపోయాను.

ఆ మర్నాడే అమ్మకూ తెలిసింది. బోరు దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి మాట ఆపారట. నీళ్ళ బిందె దించి నా ఎదుట కూర్చుంది.

"నువ్వు చదువుకున్నవ్. దాన్ని తీసెయ్యి."

"నాతోని కాదవ్వా."

"అందరి కార్డులు సక్కజేస్తవ్. ఇది కాదా? ఈ సెల్లు కృష్ణల పారేస్తే పోతదా?"

"అది మన సెల్లుల లేదు."

"మరి యాడుంది?"

ఊళ్ళో ఇంటింటికీ తిరిగాను. మా అమ్మది తీసెయ్యండి అని అడిగాను. చాలామంది నా ఎదుటే తీసేశారు. కొందరు "మేం ఎవరికి పంపలే బిడ్డా" అంటూ ఫోను కొంగులో దాచుకున్నారు. వెతికి చూసే హక్కు నాకెక్కడిది? పక్క ఊళ్ళకు, రాయచూరుకు, లింగసుగూరుకు పోయింది ఎవరిని అడగను? తిరిగి తిరిగి వచ్చి "చానా మంది తీసేసిన్రు అవ్వా" అన్నాను. అమ్మ తల ఊపింది. నమ్మలేదని నాకు తెలుసు.

*

దినాల పొద్దున అన్న వచ్చాడు. సంచి పెద్దమ్మ ఇంటి అరుగు మీద పెట్టాడు, మా ఇంట్లో కాదు. అందరం కృష్ణ ఒడ్డుకు వెళ్ళాం. దూరంగా గట్టు మీద థర్మల్ గొట్టాల పొగ ఎటూ పోకుండా నిలబడి ఉంది. ఆడవాళ్ళం కొంచెం దూరంలో తుమ్మచెట్ల కింద కూర్చున్నాం.

క్షవరం చేసే రామదాసు రాయి మీద కత్తి నూరుకున్నాడు. ముందు అంబరీషన్న కూర్చున్నాడు. తల, గడ్డం, మీసం అన్నీ తీశాడు. తర్వాత మా అన్న కూర్చున్నాడు. అన్నదమ్ముల పిల్లలు కూడా తల గొరిగించుకోవడం మాలో ఉన్నదే. కానీ తండ్రి బతికి ఉన్నవాడు మీసం తీయించుకోడు.

తల గొరగడం అయింది. రామదాసు కత్తి ఆపాడు. ఆయన ఫోనులోనూ అది వచ్చే ఉంటుంది.

"మీసం ఉంచాల్నా తమ్మీ?"

అన్న నేల చూస్తూ కూర్చున్నాడు. మా నాన్న పక్కనే ఒక బండ మీద, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అన్నకు సైకిల్ నేర్పింది ఆయన. పుణె బండి ఎక్కించి, బండి కదిలేదాకా కిటికీ పట్టుకుని నడిచింది ఆయన. నీళ్ళలో ఎవరిదో బర్రె తోక కొట్టుకుంటున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"తియ్యి రామదాసూ," అన్నాడు నాన్న. "ఎండెక్కుతుంది. పిల్లగానికి ఉత్త నెత్తి మీద తగుల్తది."

రామదాసు తీశాడు. అన్న కదల్లేదు. నాన్న లేచి, నీళ్ళ దాకా నడిచి, ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

స్నానాలయ్యాక అన్న తడి బట్టలతోనే మా వైపు వచ్చాడు. మా అమ్మను దాటి, తిమ్మమ్మ పెద్దమ్మ ముందు వంగి పాదాలు పట్టుకున్నాడు.

"అవ్వా," అన్నాడు.

పెద్దమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "పెద్దవ్వ అను."

"నాకు తెలిసింది..."

"నీకు ఇయ్యాల తెలిసింది. నేను కన్నప్పటి సంది ఎరుక. ఇచ్చిన్నాడు నా పాలు నా రైక మీద కారుతుంటే గోడ అవతల నీ ఏడుపు విన్న. అయినా రాలే. దాని కడుపు సల్లగుండాలని రాలే. ఇన్నేండ్లు నోరు కట్టుకున్నది ఇయ్యాల నువ్వొచ్చి విప్పుతందుకా?" ఆమె చెయ్యి ఎత్తి అమ్మ వైపు చూపించింది. "మీ అవ్వ ఆడ కూసుంది. పో."

అన్న అమ్మ వైపు తిరిగాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"నాకు ఒక్కనికి చెప్పవలిసింది," అన్నాడు. "అన్నం పెట్టుకుంట చెప్పినా, పండుకున్నప్పుడు చెప్పినా, వింటుంటి. నలుగురితో కలిసి ఫోన్ల విన్న. నాకు తెలిసినప్పుడు నా మొకం ఎట్లుందో స్ఫూర్తి సుత చూసింది."

"నీకు చెప్పలే కొడకా," అంది అమ్మ మెల్లగా. "ఆయనకు చెప్పుకున్న."

"అదే గదా," అన్నాడు అన్న.

వంట గిన్నెలు ఎత్తి ట్రాక్టరులో పెట్టడం మొదలుపెట్టాడు. సాయంత్రం బండికే పుణె వెళ్ళిపోయాడు. స్టేషను దాకా అంబరీషన్న తోడు వెళ్ళాడు. ఇద్దరూ దారంతా ఒక్క మాటా మాట్లాడుకోలేదని, రైలు కదిలేటప్పుడు మాత్రం "నేను గూట్ల పెట్టకుంటే బాగుండె తమ్మీ" అని తాను అన్నానని, వాడు "నేను అడిగితేనే గదా పెట్టినవ్" అన్నాడని తర్వాత చెప్పాడు.

*

ఆ ఎండాకాలం ముగుస్తుండగా హులిగెమ్మ అనే ముసలామె పోయింది. ఆ ఇంటి గడప దగ్గర ఒక చాట పెట్టి, లోపలికి వచ్చేవాళ్ళు ఫోన్లు అందులో వేయాలన్నారు. చాట దగ్గర కూర్చున్న ముసలాయనతో ఒక కుర్రవాడు వాదించాడు.

"నా బ్యాంకంత ఇందుల ఉంది తాతా. చాటల ఎట్ల పడేస్తరు?"

"తాళం ఉందంటివి గదా దానికి?"

"ఉంది."

"మరింకేంది? ఆడోళ్ళ ఏడుపుకే తాళం లేదు. వెయ్యి."

చాట నిండింది. అమ్మకు కబురు వచ్చింది, వెళ్ళింది. తల దగ్గర కూర్చుని హులిగెమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది. అందరూ ఎదురుచూశారు. అమ్మ పెదవులు కదిలాయి. రాగం రాలేదు. గూడు వైపు చూసింది. అందులో దీపం తప్ప ఏమీ లేదు. మళ్ళీ నుదురు నిమిరింది. చివరికి వేరే ఆమె ఎవరో అందుకుంది.

దారిలో అడిగితే, "మాట గొంతు దాంక వస్తుంది. ఎవరో ఆడ కూసుని వింటున్నట్టుంటది," అంది. ఆ తర్వాత ఎవరూ ఆమెను పిలవలేదు.

అన్న వారానికోసారి నాన్నకు ఫోన్ చేసేవాడు. వానలు పడ్డాయా, పత్తి పెట్టారా అని అడిగేవాడు. నాన్న "ఇదిగో, మీ అవ్వకిస్త" అనేలోపల పని ఉందని పెట్టేసేవాడు. అమ్మ ప్రతిసారీ పొయ్యి దగ్గర నుంచి లేచి, చెయ్యి తుడుచుకుని, మళ్ళీ కూర్చునేది.

మొదటి వానలు పడి, చేనిలో పత్తి రెండాకులు వేసినప్పుడు, ఒక ఆదివారం నా ఫోనుకు అన్న కాల్ వచ్చింది.

"ఆమెకు ఇయ్యి," అన్నాడు.

"ఉన్నది. ఇదిగో..."

"గిట్ల కాదు. స్పీకర్ పెట్టకు. ఎవరు లేని తాన ఇయ్యి. నువ్వు సుత ఉండకు."

అమ్మకు ఇచ్చి, అన్న చెప్పింది చెప్పాను. ఆమె ఫోనును రెండు చేతులా పట్టుకుని, ఇల్లు దాటి, పెరడు దాటి, మా చేని నడిమధ్యకు వెళ్ళింది. అక్కడ ఏ చెట్టూ లేదు, ఏ గోడా లేదు. చుట్టూ మోకాలెత్తు కూడా లేని పత్తి మొక్కలు. బురదలోనే గొంతుక్కూర్చుంది. ఫోను చెవికి పెట్టుకుని, రెండో చేత్తో నోటిని కప్పుకుంది.

నేను గడపలో నిలబడ్డాను. మొదట ఆమె కదలకుండా వింది. తర్వాత ఆమె ఒళ్ళు మెల్లగా ముందుకూ వెనక్కూ ఊగడం మొదలైంది. పెద్దనాన్న తల దగ్గర ఊగినట్టే. ఒక్క అక్షరం కూడా నా దాకా రాలేదు. నాన్న బయటికి వచ్చి, "ఎవరితోని?" అన్నాడు. చెప్పాను. చేని వైపు అడుగు వేయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఇద్దరం లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాం.

అమ్మ వచ్చేసరికి మబ్బు కమ్మింది. చీర కుచ్చిళ్ళకంతా బురద. కళ్ళు వాచి ఉన్నాయి. అన్న ఏమన్నాడని నాన్న అడగలేదు, నేను అడగలేదు. ఆమె ఫోను నా చేతికిచ్చి పొయ్యి వెలిగించడానికి పోయింది.

ఫోను వేడిగా ఉంది. ఎంతసేపు మాట్లాడుకున్నారో తెలుసుకోవాలంటే ఒక్కసారి తెరిస్తే చాలు. నేను తెరవలేదు. ముఖం కిందికి బోర్లించి, ఛార్జింగ్‌కు పెట్టాను.